నలభయ్యొక్క రోజుల బెరడు

బకెట్టు అడుగున ఎండిపోయిన రబ్బరు పాలపొరను ఊడదీయడానికి ఓ పద్ధతుంది. నీళ్ళు పోసి రుద్దితే రాదు. ఇసుక వేసి తోమితే ఇంకా మొండికేస్తుంది. ఎండలో బోర్లించి పెట్టి, పొర అంచు కాస్త లేచాక గోరు దూర్చి మెల్లగా లాగాలి. గడ్డి కోసే ముత్యాలు లాగితే ఒకే ముక్కగా ఊడివస్తుంది. సముద్రం అవతల, బంటింగ్ దగ్గర ఆ రబ్బరు తోటలో, కూలీల వరస ఇళ్ళైన లయాలన్నిట్లోనూ ఆమె తోమిన బకెట్టే తళతళలాడుతుందని చెప్పుకునేవారు. అయితే ఏం లాభం, ఆ బకెట్టు ఆమెది కాదు, మొగుడు కూర్మయ్యది. ఎనిమిదో నెల నిండిన కడుపుతో గొంతుక్కూర్చోలేక, లయం గోడకి వీపు ఆనించి, కాళ్ళు బారజాపుకుని ఆ ఆదివారం మధ్యాహ్నం దాన్నే శుభ్రం చేస్తోంది.

"ఆ బకెట్టుతో ఆడుకున్నది సాల్లే. గంజి కాయవేటే?" అంది గుమ్మంలో కూర్చుని ఆకు నములుతున్న అత్త నూకమ్మ. "నాను నలుగుర్ని కన్నాను. మూడో నాటికి గడ్డి పీకడానికి ఎల్లిపోనాను. లోకంలో నీ ఒక్కదానికే కాన్పు వచ్చినట్టు ఆ మూలుగేటి?"

ముత్యాలు మూలగలేదు. గట్టిగా ఊపిరి పీల్చుకుంది, అంతే. కానీ ఆ ఇంట్లో కోడలు పీల్చిన ఊపిరిని ఏమనాలో చెప్పే హక్కు కూడా అత్తగారిదే. నలుగుర్ని కన్నానని నూకమ్మ రోజుకి నాలుగుసార్లు చెబుతుంది. ఆ నలుగురిలో బతికి బట్టకట్టింది కూర్మయ్య ఒక్కడేనన్న సంగతి మాత్రం ఎప్పుడూ చెప్పదు. ముత్యాలు కూడా ఏనాడూ అడగలేదు. అడిగితే ముసలమ్మ ఏడుస్తుందేమోనని భయం.

ముత్యాలు మనసంతా ముందురోజు తోట గుమాస్తా, ఆ కిరాణి, చెప్పిన మాట మీదే ఉంది. ఆ తోటలో ఆడకూలీలకి ఓ రూలుండేది. కాన్పుకి ముందు పదకొండు నెలల్లో నూట ఎనభై రోజులు హాజరు పడిన మనిషికి కాన్పుకి ముందో నెల, తర్వాతో నెల ఇంటిపట్టున ఉన్నా కూలి ఇస్తారు. ఈ సంగతి కూలీల మీద మేస్త్రీ అయిన కంగాణి నోట ఎవరూ వినలేదు. అడిగినవాళ్ళకే చెబుతారు. అడగాలంటే ముందు తెలియాలి కదా! మూడో లయంలో ఎర్రమ్మకి అలా వచ్చిందని మంత్రసాని చెబితే, శనివారం పని దిగాక ముత్యాలు వెళ్ళి ఆఫీసు కిటికీ దగ్గర నిలబడింది. కిరాణి నారాయణస్వామి తమిళాయన. తెలుగు ఆయన నోట్లో కాస్త మెలికలు తిరుగుతుంది గానీ, మనిషి చెడ్డవాడు కాదు. హాజరు పుస్తకం రెండుసార్లు తిరగేశాడు.

"ఇల్లై అమ్మా, లేదు. నీకు నూట నలభై మూడే ఉంది. ముప్ఫై ఏడు తక్కువ."

"అదెలగ బాబూ? వానల్లో రెండు నెల్లూ నాను పని మానినాదాన్ని కాదు. ఆడికి జొరమొస్తే ఆడి సెట్లు నానే గీసినాను. నలభయ్యొక్క రోజులు."

"ఆ రోజులన్నీ కూర్మయ్యకి పడినాయి. నీ వరసలో ఖాళీ ఉంది. నేనేం చేసేది? కూర్మయ్య వచ్చి, నేను గీయలేదు, నా భార్య గీసింది అని చెప్తే మారుస్తాను."

ఇందులో ఎవరూ ఎవరినీ మోసం చేసింది లేదు. తెలుగు లయాల్లో అది మామూలే. మొగుడు పడకేస్తే పెళ్ళాం తెల్లారకుండా లేచి, మొగుడి కత్తి తీసుకుని, మొగుడి మూడువందల చెట్లూ గీసి, పాలు మొగుడి నంబరు కిందే కొలిపించి వచ్చేది. నాలుగు రోజులు మనిషి కనబడకపోతే చెట్లు ఇంకొకరికి ఇచ్చేస్తారు మరి. కంగాణికి కావలసింది పాలు, చెయ్యి ఎవరిదైతే ఆయనకేం? మొదటిరోజు పాలకొట్టు దగ్గర కొలిచేవాడు "ఎవరి నంబరు వెయ్యను?" అని అడిగాడు కూడా. "ఆడిదే ఎయ్యి బాబూ" అంది ముత్యాలు. గర్వంగానే అంది. నా మొగుడి రోజు నేనుండగా పోనిస్తానా అన్నట్టు మెడ కూడా ఎత్తింది. ఇప్పుడా మెడ తలుచుకుంటే తన చెంపలు తనే వాయించుకోవాలనిపిస్తోంది.

ముప్ఫై ఏడు రోజులు. ఎవరికైనా చెబితే ఇంతేనా అంటారు. కానీ ముత్యాలుకి ఆ ముప్ఫై ఏడు రోజుల అవతల ఓ పసిపిల్ల ఉంది. మూడేళ్ళ కిందట మొదటి కూతురు పుట్టిన పన్నెండో రోజుకే ఆమె గడ్డికత్తి పట్టింది. పిల్లని ఆయా కొట్టంలో, పదిహేను మంది పిల్లల మధ్య గోనెపట్టా మీద పడుకోబెట్టి పోయేది. పది గంటలయ్యేసరికి రొమ్ములు బరువెక్కి రవిక తడిసిపోయేది, కానీ కంగాణి మధ్యాహ్నం దాకా కదలనిచ్చేవాడు కాదు. రవిక మీదికి కొంగు కప్పుకుని గడ్డి కోసేది. పక్కనున్న ఆడవాళ్ళు చూసీ చూడనట్టు ఊరుకునేవారు, వాళ్ళ కొంగులూ ఒకప్పుడు అలా తడిసినవే. ఐదోవారంలో పిల్లకి విరేచనాలు పట్టుకున్నాయి. రెండు రోజులే. ఇంకా పేరు కూడా పెట్టలేదు. "ఆడపిల్లే కదే, మళ్ళీ పుడతాది" అంది నూకమ్మ. "నీ పిల్లని నువ్వు సరిగ్గా సూసుకోలేదు" అన్నాడు కూర్మయ్య. బతికినన్నాళ్ళూ మన పిల్ల అన్నవాడు, పోయాక నీ పిల్ల అన్నాడు. ఆ మాటని ముత్యాలు మర్చిపోలేదు. ఈసారి రెండు నెలలు బిడ్డ పక్కన పడుకోవాలి, ఆకలేసినప్పుడు పాలివ్వాలి, అంతే ఆమె కోరిక. దానికి అడ్డంగా ముప్ఫై ఏడు రోజులున్నాయి.

కల్లు దుకాణం నుంచి కూర్మయ్య సాయంత్రం వెలుతురుండగానే వచ్చాడు. పెద్దగా తాగలేదు. ఆ రోజుల్లో తాగడానికి కూడా ఎవరికీ ధైర్యం చాలేది కాదు. రబ్బరు ధర పాతాళానికి పోయి, పక్క తోటల్లో కూలీలని లారీల్లో రేవుకి తోలి పడవెక్కించేస్తున్నారు. ఊరికి పంపుతున్నాం, సంతోషించండి అంటున్నారట. ఊళ్ళో ఏముందని సంతోషించడం! ముత్యాలు అతని ముందు గంజి పెట్టి, ఉప్పుచేప పెట్టి, ఎదురుగా కూర్చుంది.

"మావా, రేపు నాతోటి కిరాణి బాబు దగ్గరికి ఓపాలి రావాల."

"ఏటికి?"

"వానల్లో నీ సెట్లు గీసినది నానేనని సెప్పు. అంతే సాలు. నాకు కాన్పు కూలి వస్తాది. ఇంటికాడుంటాను."

కూర్మయ్య ఉప్పుచేప ముక్క తిరిగి పళ్ళెంలో పడేశాడు. "నీకేటైనా మతి పోనాదా? సెట్లు నావి, కత్తి నాది. నువ్వు గీసినావు సరే, ఎవురి కోసం గీసినావు? ఇంటి కోసమే కాదేటి? ఇంట్లో నీది, నాది అని పంచుకుంటారేటే?"

"పంచుకోమనట్లేదు. నావి నాకు సెప్పమంటన్నాను."

"ఆ రోజులు తీసేస్తే నా హాజరు పడిపోద్ది. ఈ నెల్లోనే దొర గీతగాళ్ళని తగ్గిస్తాడంట. హాజరు తక్కువైనోడు, బెరడు పాడు సేసినోడు, ఆళ్ళే ముందు పడవెక్కాల. నన్ను పంపించీసి నువ్వు మంచమెక్కుతావేటి?"

"ఓలమ్మ ఓలమ్మ! మొగుడి రోజులు అడుగుతాదంట!" అంది నూకమ్మ లోపల్నించి. "మా కాలంలో ఇలాంటి మాట ఇన్నామా?"

ముత్యాలు చేప పళ్ళెం తీసేసింది. అతని భయం అబద్ధం కాదని ఆమెకి తెలుసు. గంజి సగంలోనే వదిలేసి లేవడం చూసింది. అయ్యో అనిపించింది కూడా. కానీ గిన్నెలు కడుగుతూ ఆలోచిస్తే చిత్రంగా తోచింది. ఇంట్లో నీదీ నాదీ లేదంటాడే, మరి పొయ్యి ఎవరిది? మాడిన అన్నం ఎప్పుడూ నీ అన్నమే అవుతుంది. పోయిన పిల్ల నీ పిల్ల. చిరిగిన కైలీ లుంగీ నువ్వు ఉతికి చింపిందే. ఏదైనా బాగుంటే మాత్రం అది ఇంటిది. పెళ్ళయిన ఆరేళ్ళలో తప్పులన్నీ తన పాలబడ్డాయి, ఒప్పులన్నీ ఇంటి పాలబడ్డాయి. ఆ ఇంటికి పెద్ద కూర్మయ్య. ఇంత చిన్న సంగతి అర్థం కావడానికి తనకి ఆరేళ్ళు పట్టిందేమిటా అని ఆమెకి నవ్వొచ్చింది, ఒంటరిగానే నవ్వుకుంది.

మంగళవారం పొద్దున్న దొర బెరడు చూడ్డానికి వచ్చాడు.

రబ్బరు చెట్టుతో ఓ చిక్కుంది, అది దేన్నీ దాచుకోదు. రోజూ నిన్నటి గీత కిందే, గోరు మందాన బెరడు చెక్కుతారు. రెండు నెలలకోసారి కంగాణి గీత పక్కన తారుచుక్క పెడతాడు. అలా ఏడాది పనంతా పైనుంచి కిందికి మాను మీదే ఉండిపోతుంది. ఎప్పుడు ఎలా గీశారో ఎవరైనా చూడొచ్చు. పలచగా గీస్తే బెరడు నున్నగా మళ్ళీ పెరుగుతుంది. కత్తి లోతుగా దిగితే మానుకి గాయమై బుడిపెలు కడుతుంది, ఇక అక్కడ జన్మలో గీయడానికి ఉండదు. దొర మనుషుల ముఖాలు ఎప్పుడూ సరిగ్గా చూసేవాడు కాదు గానీ బెరడు మాత్రం వేలితో తడిమి తడిమి చూసేవాడు.

కూర్మయ్య గీసే చెట్ల వరస దగ్గర దొర ఆగిపోయాడు. అక్కడికి ఇరవై అడుగుల్లోనే ముత్యాలు తక్కిన ఆడవాళ్ళతో గడ్డి కోస్తోంది. దొరకి అరకొర తమిళం వచ్చు, కోపమొస్తే ఇంగ్లీషులోకి వెళ్ళిపోతాడు. ఆ రోజు రెండూ కలిపి అరిచాడు. వెంట వచ్చిన నారాయణస్వామి తెలుగు చేశాడు.

"కూర్మయ్యా, పైన చూడు, అంతా గాట్లు. కింద చూడు, ఇప్పుడు గీసేది కూడా గాట్లు. ఈ రెండు చుక్కలకి మధ్యలో చూడు, తోటలోనే ఇంత మంచి గీత లేదు అంటున్నారు. చేత అయినవాడివి ఎందుకు పాడుచేశావ్? కావాలని చేశావా? అని అడుగుతున్నారు."

ముత్యాలు కొడవలి ఆపేసింది. ఆ రెండు చుక్కల మధ్యవి వానాకాలపు నెలలు. తను తడుస్తూ, కడుపులో ఈ బిడ్డ అప్పుడే పడ్డ వేవిళ్ళతో కక్కుకుంటూ, చెట్టు చెట్టుకీ ఊపిరి బిగబట్టి గీసిన నలభయ్యొక్క రోజులు. ఇప్పుడు చెబుతాడు, చెప్పక ఏం చేస్తాడు అనుకుంది. ఇంతకంటే వేరే దారి లేదు కదా అతనికి.

కూర్మయ్య తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు. వెనక్కి తిరిగి ఓసారి ముత్యాలు వైపు చూశాడు. చూసి, చెప్పాడు.

"దొరా, ఆ నున్నటిది నాది. గాట్లు నావి కావు, నా పెళ్ళానివి. నాకు ఒంట్లో బాగోనప్పుడల్లా అది గీసినాది. ఆడమనిషి, దానికేటి తెలుస్తాది?"

గడ్డి కోస్తున్న ఆడవాళ్ళంతా లేచి నిలబడ్డారు. "ఓయమ్మో" అంది ఎవరో. ముత్యాలు కొడవలి కింద పడేసింది. ఆ రోజులు నావని చెప్పమంటే మొన్న నోరు పెగలనివాడు ఇవాళ అడక్కుండానే చెప్పాడు, కాకపోతే చెడ్డవన్నీ ఏరి ఇచ్చాడు.

దొర రమ్మన్నాడు. ఆమె కడుపు పట్టుకుని నెమ్మదిగా నడిచి వచ్చింది. నారాయణస్వామి ఆమె పక్కకి వంగి, దొరకి వినబడకుండా గబగబా అన్నాడు: "ఒప్పుకో అమ్మా. గాట్ల నెలల్లోంచి ఓ నలభై రోజులు నువ్వు గీశావని రాసేస్తాను. నూట ఎనభై దాటిపోద్ది. కాన్పు కూలి వస్తుంది. నీకు ఇక కత్తి ఇవ్వరు, అంతే కదా."

ఎంత తేలిక! ఊఁ అంటే చాలు. మొగుడి చెట్లు మొగుడికుంటాయి, పడవ తప్పుతుంది, అత్త సణుగుడు తప్పుతుంది, రెండు నెలలు బిడ్డ పక్కన పడుకోవచ్చు. నారాయణస్వామి మంచికే చెబుతున్నాడు, అబద్ధం తనది కాదు, మొగుడిదే. కాదంటే? ఎవరు నమ్ముతారు? నమ్మకపోతే రోజులూ పోతాయి, బిడ్డ మళ్ళీ గోనెపట్టా మీదికి పోతుంది. ఇప్పటిదాకా ఎన్ని ఒప్పుకోలేదు? మాడని అన్నం మాడిందంటే ఒప్పుకుంది. పిల్ల పోయినప్పుడు, నేనే సరిగ్గా చూసుకోలేదని కూడా లోపల్లోపల ఒప్పుకుంది, అదే అన్నిటికంటే పెద్ద తప్పు. ఇంకొక్కటి ఒప్పుకుంటే ఏం పోతుంది? ముత్యాలు చెట్టు వైపు చూసింది. రెండు తారుచుక్కల మధ్య బెరడు మళ్ళీ పెరిగి, లేత గోధుమరంగులో మెరుస్తోంది. అప్పుడు అనిపించింది ఆమెకి, ఈ భూమ్మీద తను చేసిన పనుల్లో ఎవరూ తినేయకుండా, ఎవరూ మాపకుండా, మళ్ళీ మర్నాడు మొదటికి రాకుండా మిగిలింది ఇదొక్కటే. దీన్ని కూడా ఇచ్చేస్తే ఇక తనంటూ ఎక్కడుందని?

చెయ్యి చాపి ఆ నున్నటి బెరడు మీద పెట్టింది.

"ఇది నాది దొరా. ఆ గాట్లు నావి కావు."

నారాయణస్వామి నుదురు కొట్టుకున్నంత పని చేశాడు. దొర నవ్వాడు. ఆడది గీసిన గీతా ఇది అన్నట్టు నవ్వాడు. ముత్యాలు మొగుడి వైపు తిరిగి, "కత్తి ఇలగియ్యి" అంది. కూర్మయ్య కదల్లేదు. ఆమే అతని నడుం పట్టీలోంచి కత్తి తీసుకుంది. వంగితే కడుపు అడ్డొస్తోంది. మోకాళ్ళ మీద కూర్చుంది. నిన్నటి గీత అంచున కత్తి ఆనించి, ఊపిరి బిగబట్టి, ఒక్క ఊపులో ఎడమ నుంచి కుడికి లాగింది. చెక్కు ఎక్కడా తెగకుండా ఒకే ముక్కగా చుట్టలు చుట్టుకుంటూ ఊడివచ్చింది. గీత వెంట తెల్లటి పాలు ఉబికి, చుక్క కూడా పక్కకి పోకుండా గిన్నెలోకి దారి కట్టాయి. ఆ చెక్కు ముక్క తీసి దొర అరచేతిలో పెట్టింది. తర్వాత కత్తి మొగుడి చేతికిచ్చి, పక్క చెట్టు చూపించింది.

కూర్మయ్య గీశాడు. కత్తి లోపలికి దిగబడి, చెక్కు నాలుగు ముక్కలై కింద పడింది. దొర ఒకసారి అరచేతిలోకి, ఒకసారి నేల మీదికి చూశాడు. ఆయనకి ముత్యాలు మీద జాలేమీ కలగలేదు, అలాంటి భ్రమలు ఎవరికీ అక్కర్లేదు. ఆయన ప్రేమంతా బెరడు మీదే. అయితేనేం, ఆ రోజుకి అదే పనికొచ్చింది.

"ఆ రెండు చుక్కల రోజులు ఈమెకి మార్చమంటున్నారు" అన్నాడు నారాయణస్వామి. ఆయన గొంతులో సంతోషం దాగలేదు. "నలభయ్యొక్కటి. మొత్తం నూట ఎనభై నాలుగు. రేపటి నుంచే కాన్పు కూలి, ఇంట్లో ఉన్నా హాజరు పడుతుంది. కాన్పయ్యాక ఈ చెట్లు కూడా ఈమెకే. కూర్మయ్యా, నువ్వు రేపటి నుంచి గడ్డి గుంపులో నిలబడు. ఇప్పటికి పడవ లేదు, పో."

ఆ సాయంత్రం నూకమ్మ తిట్టని తిట్టు లేదు. మొగుడి కత్తి లాక్కున్నదానా అంది, ఇంటి పరువు రోడ్డున పడేశావంది, నలుగుర్ని కన్నానంది. కూర్మయ్య గంజి ముట్టలేదు. గుమ్మంలోంచే, ఇటు తిరక్కుండా అన్నాడు.

"పడవెక్కించేస్తారని బయమేసినాది. అందుకే అలగన్నాను."

"నాకూ బయమేసినాది" అంది ముత్యాలు. "నాది నువ్వు అడగలేదు."

ఆమె గంజి గిన్నె మీద మూత పెట్టింది. వెనకటిలాగా బతిమాలి తినిపించలేదు. ఆకలేస్తే తనే తింటాడు, పెద్దవాడే కదా.

మర్నాడు తెల్లవారుజామున పేర్లు పిలవడానికి తప్పెట మోగింది. లయమంతా లేచింది. పొయ్యిలు వెలిగాయి, గిన్నెలు మోగాయి. కూర్మయ్య గడ్డికత్తి వెతుక్కుంటున్నాడు, ఎక్కడ పెడతారో అతనికి తెలియదు. ముత్యాలు చాప మీద పక్కకి తిరిగి పడుకుంది. కడుపులో బిడ్డ కాలితో ఓసారి తన్నింది. ఆమె అక్కడ అరచెయ్యి ఆనించింది.

నూకమ్మ వచ్చి నెత్తి మీద నిలబడింది.

"తప్పెట మోగినాది. ఇనబడలేదేటే? పని ఎగ్గొట్టి పడుకున్నావా?"

ముత్యాలు కళ్ళు తెరవలేదు.

"ఎగ్గొట్టలేదత్తా. పన్లోనే ఉన్నాను. ఎల్లి పుస్తకంలో సూసుకో, ఈయేళ నాకు హాజరు పడినాది."